ఏసీ గది గుమ్మంలో చెప్పులు

పోయిన వారం మనం సుస్మితని లైబ్రరీ మెట్ల మీద వదిలేసి ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ పిల్ల మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. పైకి ఎక్కాలా, వెనక్కి తిరిగి బస్సెక్కాలా అని అక్కడే నిలబడి ఉంది. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం ముందు జరిగింది టూకీగా చెప్పేస్తాను.

అమలాపురంలో ఒక పీజీ కాలేజీ. దాని లైబ్రరీ మేడ మీద ఎంబీఏ విద్యార్థుల కోసం ఒక ఏసీ గది, అందులో వరసగా కంప్యూటర్లు. దేశంలో ఉన్న కంపెనీల లాభనష్టాలూ, ఎగుమతులూ అన్నీ చూపించే డేటాబేస్ ఒకటి ఆ కంప్యూటర్లలో ఉంది. రెండో సంవత్సరం ప్రాజెక్టు రాయాలంటే అదే ఆధారం. పుస్తకాల్లో ఆ లెక్కలు దొరకవు, విడిగా కొనుక్కోవడం పిల్లల వల్ల కాదు. సోమవారం పొద్దున్న వచ్చి చూస్తే అది మూతపడి ఉంది. శనివారం మధ్యాహ్నం ఎవరో ఆ గదిలో కూర్చుని రొయ్యల కంపెనీల వివరాలు ఒక్కటీ వదలకుండా దించుకుపోయారు. ఎవరి ప్రాజెక్టుకి కావలసినంత వాళ్ళు చూసుకోవచ్చుగాని, ఇలా గంపగుత్తగా పట్టుకుపోకూడదన్నది ఒప్పందం. డేటాబేస్ వాళ్ళు కాలేజీ మొత్తానికి ఆపేశారు. తప్పు చేసినవాళ్ళని తేల్చి శిక్షిస్తే తప్ప మళ్ళీ ఇచ్చేది లేదన్నారు. ఆ పని జరిగింది క్లాస్ రిప్రజెంటేటివ్ పేరున ఉన్న లాగిన్‌తో. ఆ క్లాస్ రిప్రజెంటేటివే మన సుస్మిత. అదేదో తేల్చడానికే ఈ పొద్దున్న క్లాసంతా లైబ్రరీలో పోగైంది.

సరే, ఇక పైకి వెళ్దాం.

సుస్మిత రీడింగ్ హాల్లోకి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క కుర్చీలో ఎవరో సంచి పెట్టారు. పక్క కుర్చీలో పుస్తకాలు పెట్టారు. ఆ పక్క కుర్చీలో ఏమీ లేదుగాని, ఆమె అటు కదలగానే ఒక పిల్ల కాళ్ళు చాపి దాని మీద పెట్టుకుంది. మొన్నటిదాకా "సుస్మితగారూ, కాస్త ఈ బ్యాలెన్స్ షీట్ చెప్తారేంటండీ" అంటూ వెంటపడిన పిల్లే. సుస్మిత బీరువాకి ఆనుకుని నిలబడింది. ఒళ్ళంతా మండిపోతోంది. ఏడుపు కూడా వస్తోంది, కానీ వీళ్ళ ముందు ఏడిస్తే తప్పు చేసినట్టేనని పళ్ళు బిగబట్టింది.

"మొత్తానికి వచ్చేరండీ మహారాణిగారు!" అన్నాడు మణికంఠ. అతనిది ముమ్మిడివరం. కొబ్బరి పీచు కంపెనీల మీద ప్రాజెక్టు, సగంలో ఆగిపోయింది. "మా నోట్లో మట్టికొట్టి, తవరు మాత్రం తాపీగా వచ్చేరు."

"నేను చెయ్యలేదు మణికంఠా."

"లాగిన్ ఎవరిదండీ మరి? మా నాన్నదా?"

నిజానికి ఆ లాగిన్ పేరుకే సుస్మితది. క్లాసంతటికీ కలిపి కాలేజీ కొన్నది ఒకటే. ఎవరో ఒకరి పేరు పెట్టాలి గనక ఆమె పేరు పెట్టారు. పాస్‌వర్డ్ క్లాసులో తెలియనివాడు లేడు. ఎవరైనా వచ్చి "కాస్త పాస్‌వర్డ్ చెప్పరా అండీ" అని అడిగితే కాదనడం మా గోదావరి వాళ్ళకి చేతకాదు. కాదంటే ఏమనుకుంటారోనని ప్రాణం పీకుతుంది. ఇచ్చినప్పుడు అందరూ మంచి పిల్ల అన్నారు, ఇప్పుడు లాగిన్ ఎవరిదని అడుగుతున్నారు.

కిటికీల వైపు చివరి బల్ల దగ్గర సత్యప్రియ తల వంచుకుని కూర్చుని ఉంది. కాలేజీలో చేరిన రోజు నుంచీ సుస్మితకి ప్రాణస్నేహితురాలు. ఒకే క్యారేజీ విప్పుకుని తినే ఇద్దరు. సుస్మిత రాగానే ఆమె పక్కకి జరిగి చోటివ్వాలి. జరగలేదు.

అంతలో హెచ్.ఓ.డి. సాయిదుర్గాప్రసాద్ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, నవ్వు మొహం. ఈయన గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈయన నోట అండీ లేకుండా మాట రాదు. అటెండరునీ అండీ అంటాడు, ఆకతాయి కుర్రాళ్ళనీ అండీ అంటాడు. రెండేళ్ళలో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఎంత మండితే అన్ని అండీలు, అంతే తేడా. కొత్తగా చేరినవాళ్ళు ఎంత మంచాయనో అనుకుంటారు. పాతవాళ్ళు అండీలు లెక్కపెట్టుకుని జాగ్రత్త పడతారు.

"నమస్కారమండీ సుస్మితగారూ. నిలబడ్డారేంటండీ? ఎవరూ కుర్చీ ఇవ్వలేదాండీ? అయ్యయ్యో. పర్లేదండీ, ఎక్కువసేపు పట్టదండీ."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"నాకు ఒకటే బాధండీ," అంటూ ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. "ఇంత గది, ఇన్ని కంప్యూటర్లు, పట్నంలో పిల్లలకి కూడా దొరకని డేటాబేస్ తెచ్చి మీ చేతుల్లో పెట్టేమండీ. కొంతమందికి అన్నీ ఊరికే వచ్చేసినట్టు ఉంటాయండీ. సీటు ఊరికే, పుస్తకం ఊరికే. ఊరికే వచ్చినదాని విలువ మీవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ, పాపం."

మీవాళ్ళు. ఆ మాట ఎవరి వైపు విసిరాడో హాల్లో అందరికీ తెలుసు. సుస్మిత ముత్తాత పొలంలో కూలి చేశాడు, తాత చర్చి బడిలో చదువుకుని పంతులయ్యాడు, తల్లి శాంతి రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మూడు తరాలు చదివి సంపాదించుకున్నదాన్ని ఆయన ఒక్క అండీతో ఊరికే వచ్చిందని తేల్చేశాడు. కొందరు తల దించుకున్నారు. ఎక్కువమంది దించుకోలేదు.

"మా అమ్మ నెలనెలా జీతంలోంచి కడుతోందండీ నా ఫీజు," అంది సుస్మిత. "నాకేదీ ఊరికే రాలేదండీ."

"అలా కోపం తెచ్చుకుంటే ఎలాగండీ? నేను మీ గురించి అన్నానా అండీ?" ఆయన నవ్వాడు. "వీర్రాజుగారూ, శనివారం మీరు చూసింది చెప్పండి బాబూ, అందరూ వింటారండీ."

లైబ్రేరియన్ వీర్రాజు లేచాడు. మంచివాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా రిటైరైపోవాలన్నదే ఆయన జీవితాశయం. కళ్ళజోడు తుడుచుకుని, నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"మధ్యాహ్నం టీకి వెళ్తా ఏసీ గది ముందు నుంచి వెళ్ళేనండీ. గుమ్మంలో ఒకటే జత చెప్పులున్నాయండీ. మళ్ళీ తిరిగొచ్చేటప్పుడూ అవే ఉన్నాయండీ."

"ఎవరివండీ?"

"గోధుమరంగు చెప్పులండీ, పసుపు దారం కుట్టుది. మన సుస్మితమ్మవండీ."

చెప్పుల సాక్ష్యమేమిటని బయటివాళ్ళకి నవ్వు రావచ్చు. ఆ లైబ్రరీ సంగతి తెలిసినవాళ్ళు నవ్వరు. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని ఏసీ గదిలోకి చెప్పులతో రానివ్వరు. కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ గనక పొద్దున్నే వచ్చినవాళ్ళు వరండాలో గోడ వెంట వరసగా చెప్పులు విడిచి కింద టీ తాగడానికి పోతారు. చెప్పులున్న వరసే మనుషుల వరస. ఒకరి చెప్పులు ఇంకొకరు జరపరు. పరీక్షలో చూసి రాయడం అందరూ క్షమిస్తారుగాని చెప్పు జరిపినవాణ్ణి ఎవరూ క్షమించరు. ఎవరి వంతు వస్తే వాళ్ళ చెప్పులు గుమ్మంలోకి వస్తాయి. మొదట్లో సంతకాలు పెట్టించుకునేవారట, తర్వాత చెప్పులే చెబుతుంటే సంతకాలెందుకని మానేశారు. చల్లదనం పోతుందని వీర్రాజు తలుపు తియ్యడు, అద్దానికి నల్ల కాగితం అంటించి ఉంటుంది. అందుకని లోపల ఎవరున్నారని అడిగితే ఆయన గుమ్మం చూసి జవాబు చెబుతాడు. ఇన్నేళ్ళలో ఆ జవాబు తప్పు కాలేదు.

సుస్మితకి శనివారం అంతా కళ్ళ ముందు తిరిగింది. తను ఇంటికి వెళ్దామని మధ్యాహ్నం బస్టాండుకి వచ్చింది. సత్యప్రియ అప్పుడే ముమ్మిడివరం బస్సు దిగి, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ ఎదురొచ్చింది. "ఇలా కాలేజీకి ఎలా వెళ్ళనే, అందరూ నవ్వుతారు," అని మొహం చిన్నబుచ్చుకుంది. ఎండలో తారు కాలుతోంది. సుస్మిత తన చెప్పులు విప్పి ఇచ్చేసింది. సత్యప్రియ జత తాను తీసుకుని, తెగినదాన్ని చెట్టుకింద చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించుకుంది. ఆయన దగ్గర నల్ల దారం అయిపోతే నల్ల పట్టీకి తెల్ల దారం వేశాడు. ఆ చెప్పులతోనే రాజోలు బస్సెక్కింది, ఆదివారం వాటితోనే చర్చికి కూడా వెళ్ళింది. సోమవారం పొద్దున్న మార్చుకుంటుంటే, "తెల్ల దారమేంటే, ఎబ్బెట్టుగా లేదూ?" అని సత్యప్రియ సణిగింది కూడా.

అంటే శనివారం గుమ్మంలో ఉన్నవి తన చెప్పులే. గదిలో ఉన్నది తను కాదు.

సుస్మిత చివరి బల్ల వైపు చూసింది. ఇప్పుడు లేస్తుంది, అనుకుంది. లేచి, ఆ చెప్పులు నేను వేసుకున్నానండీ, అంటుంది. పనంతా తనే చేసిందని ఒప్పుకోమని సుస్మిత కోరుకోలేదు. సత్య అలాంటి పని చేస్తుందని ఇంకా నమ్మకం కుదరడం లేదు. గదిలో నేనున్నాను అన్న ఒక్క మాట చాలు.

"చెప్పులు నావేనండీ," అంది నెమ్మదిగా, సత్యప్రియ మీంచి చూపు తిప్పకుండా. "నేను మాత్రం గదిలో లేనండీ. అప్పటికి రాజోలు బస్సులో ఉన్నాను."

హాలు గొల్లుమంది. "చెప్పులు వాటంతటవే నడిచొచ్చి డేటా దించుకున్నాయంటండీ!" అన్నాడు మణికంఠ. మళ్ళీ నవ్వులు.

సాయిదుర్గాప్రసాద్ నవ్వలేదు. చెయ్యెత్తి హాలుని ఆపి, ఎంతో ఓర్పుగా చుట్టూ చూశాడు. "అలా నవ్వకూడదండీ. ఆవిడ మాట కూడా వినాలి కదండీ. శనివారం మధ్యాహ్నం ఇంకెవరైనా కాలేజీకి వచ్చేరాండీ?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నేను రాలేదండీ," అంది సత్యప్రియ.

ఆమెనెవరూ పేరు పెట్టి అడగలేదు. తల ఎత్తకుండానే ఆ మాట అంది. సుస్మితకి చెంప మీద కొట్టినట్టయింది. హాలంతా తన మీద పడ్డా తట్టుకోగలిగిందిగాని ఆ ఒక్క మాటని తట్టుకోలేకపోయింది.

"అయితే తేలిపోయిందండీ," అంటూ ఆయన లేచాడు. "చూడండి సుస్మితగారూ, మీరు ఆడపిల్ల, మీ భవిష్యత్తు పాడుచెయ్యడం నాకిష్టం లేదండీ. భోజనాలయ్యేక అందరూ మళ్ళీ ఇక్కడికే వస్తారండీ. మీరు నిలబడి, నేనే చేసేను, తప్పయిపోయిందనండి చాలు. అదే రాసి పైకి పంపిస్తానండీ, డేటాబేస్ తిరిగొస్తుందండీ. లేదంటారా, మీ లైబ్రరీ కార్డు రద్దు చేయించక తప్పదండీ. కార్డు లేనివాళ్ళ దగ్గర్నుంచి ప్రాజెక్టు తీసుకోకూడదని రూలండీ. ప్రాజెక్టు లేకపోతే సంవత్సరం పోయినట్టే కదండీ. మీ ఇష్టమండీ."

సుస్మిత అండీలు లెక్కపెట్టలేదు. లెక్కకి అందేలా కూడా లేవు.

భోజనాలకి అందరూ కిందికి దిగారు. సత్యప్రియ దిగలేదు. సుస్మిత వరండాలోకి వచ్చి చూస్తే ఏసీ గది గుమ్మంలో ఒకటే జత ఉంది. నల్లవి, ఎడమ పట్టీకి తెల్ల దారం. సుస్మిత తన చెప్పులు పక్కన విడిచి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. చివరి కుర్చీలో సత్యప్రియ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఏమే, ఎండగా ఉందని చెప్పులు విప్పి ఇచ్చేను," అంది సుస్మిత. "అవే తీసుకెళ్ళి నా మీద సాక్ష్యం పెట్టేవు. నీకు నోరెలా వచ్చిందే?"

సత్యప్రియ మొహం మోకాళ్ళలో దాచుకుంది.

"రొయ్యల కంపెనీలన్నీ నువ్వే దించేవా?"

"ఆయ్."

"ఎందుకు? నీ ప్రాజెక్టుకి నాలుగు కంపెనీలు చాలు కదే!"

"నాక్కాదు." సత్యప్రియ గొంతు కీచుగా వచ్చింది. "సారు అడిగేరు. ఎవరో పెద్ద రొయ్యల మేత వ్యాపారికి రిపోర్టు రాసిస్తున్నారంట. శనివారం ఎవరూ ఉండరు, వచ్చి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసి వాళ్ళింటికి తెచ్చి ఇవ్వమన్నారు. ఇచ్చేను. ఇలా అవుద్దని నాకు తెలీదే, ఒట్టు."

"ఏ సారు?"

"ఇంకే సారు? నా ప్రాజెక్టు గైడ్ సారే."

సత్యప్రియ గైడ్ సాయిదుర్గాప్రసాద్. ఇందాక బల్ల ముందు కూర్చుని, శనివారం ఇంకెవరైనా వచ్చేరాండీ అని ఎంతో ఓర్పుగా అడిగిన మనిషి. ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో, తీసుకెళ్ళిన సరుకు ఎవరింట్లో ఉందో అన్నీ తెలిసి అడిగాడు.

"ఆయనకి ఆయన లాగిన్ ఉంది కదే," అంది సుస్మిత. అంటుండగానే జవాబు తనకే తట్టింది. ఆయన లాగిన్‌తో చేస్తే ఆయన పేరు పడుతుంది. పిల్లల లాగిన్‌తో చేయిస్తే పిల్లల్లో ఎవరో ఒకరు పోతారు. ఎవరు పోతే ఏం? అందులోనూ పోయేది 'మీవాళ్ళు' అయితే అడిగే దిక్కు ఉండదని ధీమా.

సుస్మితకి భయం పోయింది. దాని చోట కోపం ఒక్కటే మిగిలింది.

"లే. ఇదే మాట అందరి ముందూ చెప్పు."

"చెప్పను."

"సత్యా!"

"చెప్పనే! నీకేం, మీ అమ్మ టీచరు. రేపొచ్చి ఇంగ్లీషులో మాట్లాడుద్ది, ప్రిన్సిపాల్ కుర్చీ వేస్తారు. మా నాన్నొస్తే గేటు దగ్గరే నిలబెడతారు. బంగారరాజంటే ఎవరని అడుగుతారు. పొద్దున్న లేస్తే చెరువులో దిగి వల లాగే మనిషి. మా ఇళ్ళలో ఇంతవరకూ చదివినదాన్ని నేనొక్కదాన్నే. వైవాలో నన్ను కూర్చోబెట్టేదీ ఆయనే, మార్కులేసేదీ ఆయనే. ఆయన్ని ఎదిరించి నేనెక్కడికెళ్ళనే?"

"అందుకని నన్ను ముంచుతావా?"

"నువ్వు తేలుతావు. నేను తేలను."

సుస్మిత ఆమె మొహంలోకి చూసింది. రెండేళ్ళుగా తనతో కలిసి అన్నం తిన్న మనిషి మనసులో ఇన్నాళ్ళూ ఈ లెక్క ఉందా అనిపించింది. జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు? కానీ జాలిపడి సంవత్సరం వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. రాజోలులో తల్లి ఇంకా ఏమీ తెలియక టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పుకుంటోంది. దొంగతనం ఒప్పుకుని ఏ మొహంతో ఆ గుమ్మం ఎక్కుతుంది?

"నీకు చేతకాకపోతే మానెయ్. నీ చెప్పు చెప్తుంది," అనేసి తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

తన చెప్పులు తొడుక్కోలేదు. వంగి, తెల్ల దారం కుట్టున్న నల్ల చెప్పు చేతిలోకి తీసుకుంది. ఆ లైబ్రరీ కట్టిన తర్వాత ఒకరి చెప్పు ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదలు. వెనకాల "ఒసే, నా చెప్పేం చేస్తావే!" అంటూ సత్యప్రియ పరిగెత్తుకొచ్చేసరికి సుస్మిత వరండా దాటేసింది.

అప్పటికే హాలు నిండింది. సాయిదుర్గాప్రసాద్ బల్ల ముందు కూర్చుని వీర్రాజుతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఒట్టి కాళ్ళతో, చేతిలో చెప్పుతో తిన్నగా ఆయన మీదికే వస్తున్న సుస్మితని చూసి ముందు బల్లలవాళ్ళు లేచి నిలబడ్డారు. "బాబోయ్, చెప్పు తీసిందిరా!" అని ఎవరో అరిచారు. వీర్రాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. సాయిదుర్గాప్రసాద్ నవ్వు మొహం మొట్టమొదటిసారి పాలిపోయింది. కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

సుస్మిత కొట్టలేదు. కొట్టాలని లేదని కాదు. ఆ చెప్పుని ఆయన ముందు బల్ల మీద, తెల్ల కుట్టు పైకి కనిపించేలా పెట్టింది.

"వీర్రాజుగారూ, శనివారం గుమ్మంలో నా చెప్పులు చూసేనన్నారు. నిజమేనండీ. మరి ఈ చెప్పు ఎవరిదో చెప్పండి."

వీర్రాజు కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "సత్యప్రియమ్మదండీ."

"శనివారం ఇది తెగింది. నావి తనకిచ్చి, దీన్ని కుట్టించుకుని నేను ఇంటికి వెళ్ళేను. గుమ్మంలో నా చెప్పులున్నాయంటే లోపల తనున్నట్టండీ."

"కట్టుకథలు బాగా చెప్తారండీ మీరు," అన్నాడు సాయిదుర్గాప్రసాద్. గొంతు సర్దుకున్నాడుగాని చెయ్యి ఇంకా బల్ల అంచుని వదల్లేదు. "చెప్పు ఎప్పుడైనా తెగొచ్చు కదండీ. శనివారమే తెగిందని సాక్ష్యమేంటండీ?"

చెప్పులు కుట్టే ఆయన్ని పిలుచుకొస్తానని సుస్మిత అనబోయింది. అంతలో వెనక బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది.

"శనివారమే తెగిందండీ," అన్నాడు మణికంఠ.

అతనికి ఆ మాట చెప్పడం ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. సుస్మిత వైపు చూడకుండా, విసుగ్గా, బల్ల మీదున్న చెప్పుని చూస్తూ మాట్లాడాడు. "అదే బస్సులో నేనూ ఉన్నానండీ. దిగేటప్పుడు మెట్టు మీద పటుక్కుమంది. నేను నవ్వితే నన్ను తిట్టింది కూడా. ఊళ్ళో ఏదో కొనుక్కోడానికి వచ్చిందనుకున్నాను. కాలేజీకి రాలేదంది కదాని ఇందాక నోరు మూసుకున్నాను."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కాళ్ళు చాపి కుర్చీ ఇవ్వని పిల్ల కాళ్ళు దించుకుంది.

గుమ్మంలో సత్యప్రియ నిలబడి ఉంది, ఆమె కూడా ఒట్టి కాళ్ళతోనే. పరిగెత్తి రావడం వల్ల రొప్పుతోంది. అందరి తలలూ అటు తిరిగాయి. సుస్మిత మాత్రం తిరగలేదు. ఇంకోసారి అబద్ధం వినాల్సి వస్తే ఆ మొహం చూస్తూ వినలేననుకుంది.

"ఆ చెప్పు నాదేనండీ," అంది సత్యప్రియ.

"మీరు శనివారం రాలేదన్నారు కదండీ?" సాయిదుర్గాప్రసాద్ మాట మెత్తగా, ఒక్కో ముక్కా తూచినట్టు వచ్చింది. "బాగా ఆలోచించుకుని చెప్పండి సత్యప్రియగారూ. వైవా దగ్గరకొస్తోంది కదండీ. కంగారులో ఏదో ఒకటి అనేస్తే మీకే కష్టమండీ."

సత్యప్రియ తన ఒట్టి కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత సుస్మిత కాళ్ళ వైపు చూసింది. ఎండలో తనకి చెప్పులిచ్చి, తెగినది ఈడ్చుకుంటూ నడిచిపోయిన కాళ్ళు అవి.

"ఇందాక అబద్ధం చెప్పేనండీ. శనివారం గదిలో నేనే ఉన్నాను. దించింది నేనే."

"ఎవరి కోసం?" మణికంఠ గట్టిగా అడిగాడు.

సత్యప్రియ కళ్ళెత్తి బల్ల వెనకున్న మనిషి వైపు చూసింది. నోరు తెరవబోయింది.

"ఒసే, నోరు ముయ్యవే!"

హాలు చెవులు పగిలేలా వచ్చింది ఆ కేక. సాయిదుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు, మెడ నరాలు పొంగి, వేలు చూపిస్తూ. ఆ మాట అనేశాక తను అన్నది తనకే వినపడినట్టు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెండేళ్ళలో ఆయన నోట అండీ లేని మాట అదే మొదటిది. అది ఎందుకు వచ్చిందో హాల్లో అడగవలసిన వాళ్ళెవరూ మిగల్లేదు. వీర్రాజు అడ్డం పెట్టిన చేతులు మెల్లగా దించేసి ఆయన పక్క నుంచి దూరంగా జరిగాడు.

సత్యప్రియ బల్ల దగ్గరికి నడిచింది. తన చెప్పు తీసుకుని నేల మీద పెట్టి, కాలు దూర్చింది. తర్వాత వచ్చి సుస్మిత పక్కన నిలబడింది. సుస్మిత జరగలేదు, చోటూ ఇవ్వలేదు. అయినా ఆమె అక్కడే నిలబడింది.

"ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఎవరింట్లో ఉందో కూడా చెప్తానండీ," అంది.

సాయిదుర్గాప్రసాద్ అప్పటికే జేబులోంచి ఫోను తీసి, ఇంటికి కలుపుతున్నాడు.